మీకు తెలుసా? విండోస్ 95 చిత్తుప్రతిలో 'స్టార్ట్' అన్న మాటే లేదు

విండోస్ తెర అడుగున ఉండే పట్టీని మనమంతా టాస్క్‌బార్ అంటాం. కంప్యూటర్ మాత్రం లోలోపల దాన్ని ఈనాటికీ 'ట్రే' అనే పిలుస్తోంది. ఆ పేరు ఎక్కడిదో తెలియాలంటే, అమ్మకానికి రాని ఒక పాత ప్రతిని తెరిచి చూడాలి.

విండోస్ 95 తయారవుతున్న రోజుల్లో మైక్రోసాఫ్ట్ దానికి పెట్టుకున్న లోపలి పేరు షికాగో. అది జనం చేతికి వచ్చింది 1995 ఆగస్టు 24న. అంతకు రెండేళ్ళ ముందు, 1993 ఆగస్టు నాటి ప్రతి ఒకటుంది. దాని పేరు బిల్డ్ 58ఎస్. కొత్త విండోస్‌కు తగ్గట్టు తమ ప్రోగ్రాములు రాసుకోవాల్సిన డెవలపర్ల కోసమే దాన్ని తయారుచేశారు. పాత సాఫ్ట్‌వేర్‌ను పదిలంగా దాచే ఔత్సాహికుల పుణ్యమా అని అది నేటికీ మిగిలింది.

అయితే దాన్ని నేటి కంప్యూటర్‌లో నేరుగా ఎక్కిద్దామంటే కుదరదు. ఆ కాలపు విండోస్‌కు మన ప్రాసెసర్ల వేగమే శత్రువు. పూర్తయి బయటికొచ్చిన విండోస్ 95 కూడా, ప్రాసెసర్ ఎంత వేగంగా ఉందో కొలుచుకునే చోట, లెక్క మరీ త్వరగా ముగిసిపోయి సున్నాతో భాగించాల్సి వచ్చి ఆగిపోతుంది. అందుకే 86బాక్స్ లాంటి ఎమ్యులేటర్లు వాడతారు. ఇవి పాత 486 ప్రాసెసర్‌నూ, ఆనాటి గ్రాఫిక్స్ కార్డునూ నిదానంతో సహా అనుకరిస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా బీటా (పరీక్ష కోసం ఇచ్చే) ప్రతులకు గడువు ఉంటుంది. అది దాటితే తెరుచుకోవు. బయోస్ సెట్టింగుల్లోకి వెళ్ళి తేదీని 1993కో 1994కో వెనక్కి తిప్పితేనే దారికొస్తాయి.

58ఎస్ తెరుచుకున్నాక తెర అడుగున ఒక పట్టీ కనిపిస్తుంది. దాని ఎడమ పక్కన వరుసగా మూడు చిన్న బటన్లు. విండోస్ గుర్తు ఉన్నది సిస్టమ్ బటన్, పక్కది వెతకడానికి, ప్రశ్నార్థకం ఉన్నది సహాయానికి. వేటి మీదా అక్షరం ముక్క లేదు. ఇదే ట్రే. మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ రేమండ్ చెన్ రాసినదాన్ని బట్టి, మొదట్లో అది టాస్క్‌బార్ కానే కాదు. తెర అడుగున అతికించిన ఫోల్డర్ లాంటిది. బల్ల సొరుగులో పెన్నులూ క్లిప్పులూ పెట్టుకునే ట్రేలా, కావలసినవి లాక్కొచ్చి అందులో పడేసుకోవచ్చన్నది ఊహ.

ఆ ఊహ జనం ముందు నిలవలేదు. షికాగో రూపకల్పన బృందంలోని కెంట్ సలివన్ తర్వాత 1996లో ఒక పరిశోధన పత్రం రాశారు. తెర ఎలా ఉండాలో తేల్చడానికి 560 మందిని కూర్చోబెట్టి 64 విడతల పరీక్షలు జరిపామని అందులో ఉంది. కొత్తవాళ్ళు తెర ముందు కూర్చుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయారు. డబుల్ క్లిక్ వాళ్ళకు పెద్ద గండం. ఒక కిటికీ (విండో) మీద ఇంకో కిటికీ తెరుచుకుంటే, కిందిది మూసుకుపోయిందనే అనుకున్నారు. కొత్తవాళ్ళ కోసం వేరే తేలిక తెర పెడదామన్న ఆలోచన కూడా వచ్చింది. తర్వాత దాన్ని వదిలేసి, అందరికీ పనికొచ్చే ఒకే తెర మీద దృష్టి పెట్టారు.

సిస్టమ్ బటన్ మీద 'స్టార్ట్' అన్న మాట వచ్చి కూర్చున్నది అలాగే. ఒక్క క్లిక్‌తో తెరుచుకునేలా చేశారు. తెరిచిన ప్రతి కిటికీకీ అడుగున ఒక బటన్ కనిపించేలా ట్రే కాస్తా టాస్క్‌బార్ అయింది. అదీ చాలదన్నట్టు, 'మొదలుపెట్టడానికి ఇక్కడ నొక్కండి' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట, బాణంతో సహా పట్టీ మీద జారుకుంటూ వచ్చి స్టార్ట్ బటన్‌ను తాకేది. తొంభైల చివర మన ఊళ్ళలోని కంప్యూటర్ సెంటర్లలో తొలిసారి మౌస్ పట్టినవాళ్ళకు ఆ బాణం గుర్తుండే ఉంటుంది. నా దృష్టిలో విండోస్ 95 అసలు ఘనత ఆ బటన్ కాదు, తికమకపడిన మనుషుల్ని తప్పుపట్టకుండా తెరనే మార్చుకున్న ఓపిక. ఆ మార్పు ఎంత పెద్దదో, చిత్తుప్రతినీ తుది ప్రతినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

పాత పేర్లు మాత్రం చెరిగిపోలేదు. ప్రోగ్రాములు టాస్క్‌బార్‌ను గుర్తుపట్టే పేరు ఈనాటి విండోస్ 11లోనూ 'షెల్_ట్రేవిండ్'. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ కిటికీ పేరు 'క్యాబినెట్‌డబ్ల్యూక్లాస్'. ఎక్స్‌ప్లోరర్ అన్న పేరు పెట్టకముందు, చిత్తుప్రతుల్లో దాన్ని క్యాబినెట్ అనేవారు. ఆ పేర్ల మీద ఆధారపడి రాసిన ప్రోగ్రాములు లెక్కలేనన్ని ఉన్నాయి కనుక ఇప్పుడు మారిస్తే అవి దెబ్బతింటాయి.

58ఎస్ నేటికీ మిగిలింది ఎవరో దాచబట్టే. అలాగే మీ ఇంట్లోనో, పాత డీటీపీ సెంటర్‌లోనో తెలుగు ఫాంట్లు, తెలుగు సాఫ్ట్‌వేర్ ఉన్న ఫ్లాపీలు ఉంటే దయచేసి చెత్తలో వేయకండి. వాటి మీది అయస్కాంత పూత ఏటికేడు బలహీనపడుతుంది. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి తెచ్చుకుని, డిస్క్ మొత్తాన్ని ఇమేజ్ ఫైలుగా కాపీ చేయండి. పైన 'బీటా' అనో 'ట్రయల్' అనో రాసి ఉన్నవాటిని ముందు తీయండి, వాటికి ఇంకో ప్రతి ఎక్కడా లేకపోవచ్చు.