మిణుగురు మీటర్‌తో జీవామృతాన్ని కొలవొద్దు: నా పాత వీడియోకి సవరణ

పోయిన నెల పెట్టిన వీడియోలో నేనొక తప్పు చేశాను. లూమినోమీటర్ అనే చిన్న మీటర్‌తో మా డ్రమ్ములోని జీవామృతాన్ని, మందులు కొట్టే చేనులోంచి తెచ్చిన మట్టి కలిపిన నీళ్లని కొలిచి, "చూడండి, మనదాంట్లో ఎంత ప్రాణం ఉందో" అని అంకె చూపించాను. అది చూసి ఇద్దరు రైతులు మీటర్ కొనడానికి సిద్ధపడ్డారు. ఒకాయన అడ్వాన్స్ కూడా కట్టేశారు. అందుకే ఈ పోస్టు. పాత వీడియో తీసెయ్యలేదు, దాని కిందే ఈ సవరణ లింకు పెట్టాను.

ముందు మీటర్ సంగతి చెప్తాను. తొలకరి రోజుల్లో చెట్ల మీద మిణుగురులు మెరవడం మనందరం చూసిందే. దాని పొట్టలో లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు వెలుగు వస్తుంది. ఆ పని జరిపించేది లూసిఫెరేజ్ అనే ఎంజైమ్. అయితే ఏటీపీ లేకపోతే ఇదేమీ జరగదు. ఏటీపీ అంటే బతికున్న ప్రతి కణం తన పనులకి ఖర్చుపెట్టుకునే చిల్లర డబ్బు లాంటిది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి చెందిన విలియం మెక్‌ఎల్రాయ్ 1947లో ఈ సంగతి తేల్చారు. ఆయన ప్రయోగాలకి బాల్టిమోర్ పిల్లలు డబ్బులు తీసుకుని మిణుగురులు పట్టిచ్చేవాళ్లు. 1985లో ఆ ఎంజైమ్ జన్యువుని ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టగలిగారు. ఇక పురుగుల్ని పట్టాల్సిన పని తప్పింది.

మీటర్‌లో జరిగేది ఇదే. కరోనా టెస్టు పుల్ల లాంటి స్వాబ్‌తో 10 సెంటీమీటర్ల చదరం మేర తుడుస్తాం. దాన్ని గొట్టంలోకి నొక్కితే మిణుగురు మందు కలుస్తుంది. ఊపి మీటర్‌లో పెడితే, లోపలి చీకటి గదిలో వచ్చే వెలుగుని సెన్సార్ కొలిచి కొన్ని సెకన్లలో అంకె చూపిస్తుంది. ఆ అంకెని ఆర్‌ఎల్‌యూ అంటారు. ఏటీపీ ఎక్కువుంటే వెలుగు ఎక్కువ, అంకె ఎక్కువ.

నేను ఇది కొన్నది మా పాల యూనిట్ కోసం. పెరుగు రెండో రోజుకే పులిసిపోతోందని ఫోన్లు వచ్చేవి. క్యాన్లు తళతళలాడుతున్నాయి, కారణం అంతుపట్టలేదు. స్వాబ్ పెడితే క్యాన్ లోపలి గోడ మీద 8, కుళాయి దగ్గర 412 వచ్చింది. కుళాయి విప్పితే రబ్బరు వాషర్ కింద పాల జిడ్డు పొర కట్టి ఉంది. ఇప్పుడు రోజూ విప్పి కడుగుతున్నాం, ఆ ఫోన్లు ఆగిపోయాయి. ఆ ఊపులోనే మీటర్‌ని డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్లాను.

వీడియో చూసి ఒక పెద్ద రైతు ఫోన్ చేసి అడిగారు: "తమ్ముడూ, ఉత్త పేడ నీళ్లు పెడితే ఎంత వస్తదో చూశావా?" చూడలేదన్నా అన్నాను. మర్నాడు చూశాను. అప్పుడే కలిపిన పేడ నీళ్లకి జీవామృతం కంటే ఎక్కువ వచ్చింది. తర్వాత అదే జీవామృతంలో పది రెట్లు నీళ్లు కలిపాను. అంకె తగ్గాలి కదా? పెరిగింది! ఈ రెండు పరీక్షలూ కింది వీడియోలో ఉన్నాయి.

కారణాలు ఆలోచిస్తే తెలిసిపోతాయి. జీవామృతం ముదురు రంగు ద్రవం, వచ్చిన వెలుగుని అదే మింగేస్తుంది. పులిసేకొద్దీ అందులో ఆమ్లం పెరుగుతుంది, లూసిఫెరేజ్ సరిగా పనిచేయదు. నీళ్లు కలిపితే రెండు అడ్డూ తగ్గుతాయి, అందుకే అంకె పెరిగింది. అన్నిటికంటే ముఖ్యం, ఏటీపీకి మంచి సూక్ష్మజీవి, చెడ్డ సూక్ష్మజీవి అన్న తేడా లేదు. మొక్కల కణాల్లోనూ అదే ఏటీపీ ఉంటుంది.

మట్టిలో ఏటీపీ కొలవడం అసలు కుదరదని కాదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రానికి చెందిన జెంకిన్సన్, ఓడ్స్‌తో కలిసి 1979లో ఒక పద్ధతి ప్రచురించారు. మట్టి రేణువులు ఏటీపీని గట్టిగా పట్టేసుకుంటాయి. దాన్ని విడిపించడానికి వాళ్లు వాడిన ద్రావణంలో ఏముందో తెలుసా? పారాక్వాట్! మనం చేలోకి రానివ్వని కలుపు మందే. అది ల్యాబులో చేసే పని, చేని గట్టు మీద స్వాబ్‌తో అయ్యేది కాదు.

పాలు, పచ్చళ్లు, జ్యూస్ లాంటి యూనిట్ ఉన్నవాళ్లు మాత్రం దీన్ని వాడుకోవచ్చు. ఇవి గుర్తుపెట్టుకోండి:

- కడిగాక, తిరిగి సరుకు పొయ్యకముందు కొలవండి. కుళాయిలు, వాషర్లు, అతుకులు చూడండి. చదునుగా ఉన్నచోట మురికి దాక్కోదు.
- స్వాబ్‌లు ఫ్రిజ్‌లో ఉంచాలి, వాడేముందు బయటపెట్టి చల్లదనం పోనివ్వాలి. చల్లగా ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది.
- క్లోరిన్ తడి మిగిలి ఉన్నా రీడింగ్ తప్పుతుంది. మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి.
- ఒక కంపెనీ మీటర్ అంకెని ఇంకో కంపెనీ అంకెతో పోల్చొద్దు. మీ మీటర్‌తో, మీ చోట, రోజూ రాసుకున్న అంకెలే మీకు కొలత.
- పురుగుమందు అవశేషాలు దీనికి తెలియవు. ఏ బ్యాక్టీరియా ఉందో కూడా చెప్పదు. వాటికి ల్యాబ్ పరీక్షే. ఈ అంకెని ప్యాకెట్ మీద వేసి "స్వచ్ఛం" అని అమ్మకండి.

స్వాబ్ ఒక్కసారే పనికొస్తుంది, ఖర్చు వందల్లో ఉంటుంది. పంట మాత్రమే పండించే రైతుకి ఈ మీటర్ అవసరం లేదు. అడ్వాన్స్ కట్టిన అన్నకి నేనే ఫోన్ చేసి చెప్పాను, ఆర్డర్ రద్దు చేసుకున్నారు. జీవామృతం పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే ఏటా ఒకే కాలంలో, ఒకే చోట ఒక పార లోతు తవ్వి వానపాములు లెక్కపెట్టండి. మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం ఎంతుందో రాసుకోండి. నాలుగైదేళ్ల లెక్క చేతిలో ఉంటే ఎవరితోనైనా ధైర్యంగా మాట్లాడొచ్చు.

రసాయన రైతులు తప్పుడు లెక్కలు చెప్తున్నారని మనం అంటాం. మన లెక్క తప్పినప్పుడు కూడా మనమే ముందు చెప్పాలి. ఆ ఒక్క ప్రశ్న అడిగిన అన్నకి నా దండం. వీడియో చూశాక మీకు ఏదైనా తేడాగా కనిపిస్తే మొహమాటపడకుండా కింద రాయండి.