ఉండేది మాదాపూర్‌లో... ఓటేసేది ఊళ్లో!

ఐటీ కారిడార్‌లో పోలింగ్ శాతం సగం దాటడమే గగనం. అక్కడి ఉద్యోగులే సొంతూరి ఎన్నికలంటే మాత్రం సెలవు పెట్టి మరీ బయల్దేరతారు. బద్ధకమే కారణమైతే ఈ ప్రయాణాలెందుకు?

2024 మే 13, సోమవారం. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు; తెలంగాణలో లోక్‌సభకు ఒకేరోజు పోలింగ్. ముందు రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయి. ఆఫీసులు వదిలిన ఉద్యోగులతో విజయవాడ రహదారి కిక్కిరిసింది. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరాయి. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడిపినా సీటు దొరకని పరిస్థితి. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. తెలంగాణలో మొత్తమ్మీద 65 శాతం దాటినా హైదరాబాద్, సికింద్రాబాద్ స్థానాలు సగానికి కూడా చేరలేదు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ ఉన్న శేరిలింగంపల్లి సెగ్మెంటు చేవెళ్ల లోక్‌సభ పరిధిలోది. తాండూరు, పరిగి, వికారాబాద్ పల్లెల ఓట్లు కలుపుకొన్నా చేవెళ్లలో పోలింగ్ 56 శాతం దగ్గరే ఆగింది.

రాష్ట్రంలోనే పెద్ద జాబితా

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి మాదాపూర్ నగర శివారు పల్లె. పాతికేళ్లు తిరిగేసరికి శేరిలింగంపల్లిలో ఏడు లక్షలమందికి పైగా ఓటర్లు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో తెలంగాణలో ఇంతకన్నా పెద్ద నియోజకవర్గం లేదు. ఆ నవంబరు 30న రాష్ట్రమంతటా 71 శాతం, మునుగోడులో 91 శాతానికి పైగా పోలైతే ఇక్కడ సగంమంది కూడా రాలేదు.

అయితే ఈ శాతం వెనక జాబితా కథ కూడా ఉంది. కారిడార్‌లో అద్దె ఇల్లు మారడం మామూలు. కొండాపూర్‌లో పేరు నమోదు చేయించుకున్నాయన ఏడాది తిరక్కుండా నల్లగండ్లకో, బెంగళూరుకో మారతాడు. పేరు మాత్రం పాత బూత్‌లోనే ఉండిపోతుంది. చిరునామా మార్పునకు ఫారం-8 ఉన్నా, ఇల్లు మారిన హడావుడిలో గ్యాస్ కనెక్షన్‌కు ఉన్న తొందర ఓటుకు ఉండదు. అలా మిగిలిన ప్రతి పేరూ పోలింగ్ శాతాన్ని కిందికి లాగుతుంది. మరికొందరైతే ఇక్కడ పేరే ఎక్కించుకోరు. రెండుచోట్ల ఓటు ఉండటానికి 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు. ఒకటే ఎంచుకోవాలంటే చాలామంది ఊరివైపే మొగ్గుతారు.

పిలిచే గొంతు

ఊరివైపే ఎందుకంటే, అక్కడ పిలిచేవాళ్లున్నారు కాబట్టి. 2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మూడింటా పోలింగ్ 84 శాతం దాటింది. సర్పంచి బరిలో ఉన్నవారి మనుషులు నగరంలో ఉంటున్న ఊరివాళ్ల జాబితా ముందే రాసుకుంటారు. “తమ్మీ, పొద్దుగాల్నే రావాలె, బండి పెట్టినం” అని ఫోన్ వస్తే కాదనడం కష్టం. ఫోన్ చేసింది చిన్నాన్నో, మేనబావో అయ్యుంటాడు. ఓటేస్తే ఫలానా ఇంటివాళ్లు వచ్చారని తెలుస్తుంది, వేయకపోయినా తెలుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ ముగుస్తుంది, రెండు నుంచి లెక్కింపు. తిరుగు ప్రయాణంలోపే ఎవరు గెలిచారో తేలిపోతుంది.

అక్కడ ఒక్క ఓటు బరువెంతో నిర్మల్ జిల్లా బాగాపూర్ చూపించింది. సర్పంచిగా గెలిచిన మహిళకు 189 ఓట్లు, ఓడిన అభ్యర్థికి 188. విజేత మామగారు అమెరికా నుంచి వచ్చి ఓటేశారు. ఏడు లక్షల ఓటర్లున్న చోట ఇంత నమ్మకం ఎలా కుదురుతుంది?

ఊరి పిలుపులో అంతా మమకారమే అనుకోనక్కర్లేదు. కులం కట్టుబాటు, భూమి తగాదా, అభ్యర్థి పంచే డబ్బు కూడా బండి ఎక్కిస్తాయి. ఏ కారణంతో వెళ్లినా, తన ఓటు కోసం ఒకరు ఎదురుచూస్తున్నారన్న సంగతి ఓటరుకు తెలుసు.

మూల్యం ఎవరికి?

ఉన్నచోటి నుంచే సొంతూరి ఓటు వేసే మార్గం ఒకటి తెరవాలని చూసింది ఎన్నికల సంఘం. ఒకే బూత్‌లో 72 నియోజకవర్గాల ఓట్లు నమోదు చేయగల రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనాను 2023 జనవరిలో పార్టీల ముందుంచింది. ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పడంతో అది ముందుకు సాగలేదు.

ఒకవేళ ఆ యంత్రం వచ్చినా కారిడార్ సమస్య తీరదు. ఊరి సర్పంచి ఇక్కడి నాలా బాగుచేయించలేడు. 2024 వేసవిలో పశ్చిమ హైదరాబాద్ అపార్టుమెంట్లు ట్యాంకర్ల కోసం వరుస కట్టాయి. నీటి లైన్లు, చెరువుల కబ్జాలు, వరద కాలువలు, ఫుట్‌పాత్‌లు... వీటిపై గట్టిగా అడిగించుకోవాల్సింది స్థానిక కార్పొరేటరు, ఎమ్మెల్యే. కానీ 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో నగరం మొత్తమ్మీదే 46.55 శాతం పోలైంది. రాని ఓటరు కోసం ఏ నాయకుడూ చెమటోడ్చడు. పొద్దున్నే బూత్‌కొచ్చే బస్తీలు, పాత గ్రామాల చుట్టూనే ప్రచారం తిరుగుతుంది. ఆ పట్టించుకోనితనం చూసి గేటెడ్ కమ్యూనిటీ మరింత దూరం జరుగుతుంది.

వేలి మీది సిరా చూపిస్తే కాఫీ మీద రాయితీ ఇస్తామనే ప్రకటనలు ఈ దూరాన్ని తగ్గించలేవు. నిజానికి ఇదే జనం తమ అపార్టుమెంటు సంఘం ఎన్నికల్లో నిర్వహణ ఛార్జీలు, పార్కింగ్ మీద పట్టుబట్టి పోట్లాడతారు. ఫలితం తమ గుమ్మం ముందే కనిపిస్తుంది గనక. సర్పంచి అభ్యర్థి హైదరాబాద్ దాకా బండి పంపి మరీ ఓటరును వెతుక్కుంటున్నాడు. కార్పొరేటర్ అభ్యర్థి దాటాల్సింది ఒక్క సెక్యూరిటీ గేటే. ట్యాంకర్ల లెక్క చేతపట్టుకుని ఆ గేటు ముందుగా దాటినవారికే ఇక్కడి ఓట్లు అడిగే హక్కు దక్కుతుంది.