బెలూన్ పేలితే తుపాకీ అన్నవాడు

సభ జరుగుతుంటే వేదికకు వీపు పెట్టి నిలబడటమే మా ఉద్యోగం. లీడరు ఏం మాట్లాడాడో మర్నాడు పేపర్లో చదువుకోవాల్సిందే. చూపు జనం మీద ఉండాలి, అందులోనూ జనం చేతుల మీద ఉండాలి అని పెద్దాఫీసర్లు బ్రీఫింగులో పదేపదే చెప్పేవారు. ఎస్సైగా నా సర్వీసులో మంచి భాగం ఇలాంటి బందోబస్తుల్లోనే పోయింది. రిటైరయ్యాక, అధ్యక్షుడి భద్రత మీద వచ్చిన హాలీవుడ్ సినిమాలు చూడటం, వాటి మీద విమర్శకులు ఏం రాశారో వెతికి చదవడం నాకో వ్యాపకమైంది. ఇంట్లోవాళ్లు దాన్ని పిచ్చి అంటారు.

ఆ వరసలో అందరూ మెచ్చుకున్న సినిమా 1993 జూలైలో వచ్చిన 'ఇన్ ద లైన్ ఆఫ్ ఫైర్'. దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ జర్మన్. అంతకు ముందు 'దాస్ బూట్' అనే జలాంతర్గామి సినిమాతో ప్రపంచానికి తెలిసినవాడు. హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్. అదే ఏడాది మార్చిలో 'అన్‌ఫర్‌గివెన్'కి ఆస్కార్లు అందుకుని మంచి ఊపు మీద ఉన్నాడు. విలన్ జాన్ మాల్కోవిచ్. అమెరికాలోనే 10 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. మూడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి: సహాయనటుడిగా మాల్కోవిచ్‌కి, స్క్రీన్‌ప్లేకి, ఎడిటింగ్‌కి. ఒక్కటీ రాలేదు. మాల్కోవిచ్‌ని ఓడించింది 'ద ఫ్యుజిటివ్'లో టామీ లీ జోన్స్. అదీ ఆ వేసవిలోనే వచ్చిన వేట సినిమా!

కథ ఇదీ. ఫ్రాంక్ హారిగన్ అమెరికా సీక్రెట్ సర్వీసు ఏజెంటు. 1963 నవంబర్ 22న డాలస్‌లో కెనెడీ కాన్వాయ్‌లో ఉన్నవాడు. మొదటి తూటా పేలినప్పుడు కదల్లేకపోయాడు. ముప్పై ఏళ్ల తర్వాత మిచ్ లీరీ అనే మాజీ సీఐఏ హంతకుడు అతనికి ఫోన్ చేసి, ఇప్పటి ప్రెసిడెంట్‌ను చంపుతాను, ఈసారైనా అడ్డం పడతావా అని కవ్విస్తాడు. సినిమా మొదట్లోనే హారిగన్ దొంగనోట్ల ముఠాను పట్టుకుంటాడు. ప్రెసిడెంట్ బాడీగార్డుకు దొంగనోట్లతో ఏం పని అని మనవాళ్లకు సందేహం వస్తుంది. అసలు ఆ సంస్థ 1865లో పుట్టిందే దొంగనోట్లను అరికట్టడానికి. 1901లో ప్రెసిడెంట్ మెకిన్లీ హత్య జరిగాక గానీ ప్రెసిడెంట్ల కాపలా వాళ్ల నెత్తిన పడలేదు. 2003 దాకా అది ఖజానా శాఖ కిందే ఉంది.

విమర్శకుడు రోజర్ ఎబర్ట్ నాలుగుకి మూడున్నర స్టార్లు ఇచ్చాడు. స్టంట్ల మీద నడిచే థ్రిల్లర్ల మధ్య బుర్ర ఉన్న సినిమా ఇది అన్నది ఆయన మాటల సారం. ఇప్పటికీ సమీక్షలను లెక్కగట్టే రాటెన్ టొమాటోస్ సైటు చూస్తే 90 శాతానికి పైగా విమర్శకులు మంచిదనే అన్నారు. ఎక్కువమంది పొగిడింది మాల్కోవిచ్‌ని, అతనికీ ఈస్ట్‌వుడ్‌కీ మధ్య నడిచే ఫోన్ సంభాషణలని. కాదనను. చల్లగా, మర్యాదగా, దాదాపు స్నేహితుడిలా మాట్లాడుతూ అవతలివాడి పాత పుండుని కెలుకుతాడు. మేడ అంచున వేలాడుతున్న హారిగన్‌ని చెయ్యందించి పట్టుకున్నవాడు కూడా లీరీయే. హారిగన్ రెండో చేత్తో తుపాకీ తీసి వాడికి గురిపెడితే, ఆ గొట్టాన్ని వాడు నోట్లో పెట్టుకుంటాడు. ఆ దృశ్యం ఒకసారి చూస్తే చాలు, మర్చిపోవడం కష్టం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అరవై దాటిన ఈస్ట్‌వుడ్ పక్కన తనకంటే ఇరవై నాలుగేళ్లు చిన్నదైన రెనే రూసోని ప్రేయసిగా పెట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. హారిగన్‌కి చిన్నవయసు జోడీ ఏజెంటు ఉన్నాడనగానే వాడికి ఏమవుతుందో సినిమా చూసే పిల్లవాడైనా చెబుతాడు. అయినా విమర్శకులు ఇవన్నీ చూసీ చూడనట్టు పోనిచ్చారు. ఎందుకంటారా? కాన్వాయ్ పక్కన పరిగెత్తే సన్నివేశం చూడండి. కారుతో సమానంగా నాలుగడుగులు వేసేసరికి హారిగన్‌కి ఆయాసం. చెమటలు, ఎర్రబడ్డ మొహం, పక్కవాళ్ల నవ్వులు. మన రూట్ బందోబస్తుల్లో రిటైర్మెంటు దగ్గరపడ్డ హెడ్ కానిస్టేబుల్ ఎలా ఉంటాడో అచ్చం అలాగే. హీరోకి ఊపిరాడకపోవడాన్ని అంత పెద్ద స్టార్ ఒప్పుకుని చేశాడన్నదే ఆ మెప్పులో సగం.

ఇంకో సగం డాలస్‌ది. ఆ రోజు నిజంగా కెనెడీ కారు వెనక్కి ఎగిరి ఎక్కిన ఏజెంటు క్లింట్ హిల్. 1975లో టీవీ ఇంటర్వ్యూలో, ఇంకాస్త ముందు స్పందించి ఉంటే అంటూ కెమెరా ముందే కుప్పకూలాడు. సినిమా ఆయన కథ కాదు. కానీ హారిగన్ కన్నీళ్లు ఆపుకుంటూ ఆ రోజు గురించి చెప్పే చోట ఈ మనిషి గుర్తుకు రాకుండా ఉండడు. కుర్ర ఈస్ట్‌వుడ్ బొమ్మని పాత కెనెడీ దృశ్యాల్లోకి, 1992 ఎన్నికల్లో బుష్, క్లింటన్ సభల జనాన్ని ఈ కథలోకి కంప్యూటర్‌తో అతికారు. అప్పటికి అదో వింత.

నేను చదివిన సమీక్షల్లో ఎవరూ పట్టించుకోని సన్నివేశం ఒకటుంది. షికాగో సభ. హారిగన్‌కి జ్వరం, కళ్లు మసకలు. లీరీ గుంపులో చేరి బెలూన్ పేలుస్తాడు. హారిగన్ తుపాకీ అని అరుస్తాడు. ప్రెసిడెంట్‌ను కిందికి తోసి, ఎత్తుకుపోతారు. టీవీల్లో నవ్వులపాలు. హారిగన్‌ని ఆ డ్యూటీ నుంచి తీసేస్తారు. ఒక్క తూటా కాల్చకుండా కాపలా మనిషిని పక్కకు తప్పించాడు హంతకుడు. తప్పుడు కేక వేస్తే పరువు పోతుంది, వెయ్యకపోతే ప్రాణం పోతుంది. ఈ ఇరకాటం బందోబస్తులో నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు.

ఆయుధం సంగతీ అంతే. లోహం లేని తుపాకీని లీరీ ఇంట్లో కూర్చుని తయారుచేస్తాడు. తూటాలు తాళాలగుత్తికి వేలాడే కుందేలు కాలిలో దాస్తాడు. మెటల్ డిటెక్టర్ కిక్కురుమనదు. అయితే అసలు వాడు లోపలికి వచ్చింది ఆ తుపాకీ వల్ల కాదు, పార్టీకి ఇచ్చిన చందా వల్ల. డబ్బిచ్చినవాడిని విందు బల్ల దగ్గర గట్టిగా తనిఖీ చేసేదెవరు? నేను ఈ సినిమా కేబుల్లో చూసేనాటికి శ్రీపెరంబుదూరు హత్య ఇంకా మనసులో పచ్చిగానే ఉంది. 1991 మే 21న విశాఖపట్నం నుంచే బయల్దేరి అక్కడికి వెళ్లాడు రాజీవ్ గాంధీ. అక్కడా హంతకురాలు చేతిలో దండతో, అభిమానుల వరసలోనే నిలబడింది.

ఇక 2008లో వచ్చిన 'వాంటేజ్ పాయింట్' ఈ 'ఇన్ ద లైన్ ఆఫ్ ఫైర్'కి తిరగేసిన కథ. స్పెయిన్‌లో సలమాంకా చౌకులో అమెరికా ప్రెసిడెంట్ మీద కాల్పులు. అవే నిమిషాలను ఒక్కొక్కరి కళ్లలోంచి మళ్లీ మళ్లీ చూపిస్తారు. ప్రతిసారీ గడియారం వెనక్కి తిరిగి మధ్యాహ్నం పన్నెండు. ఇలా ఒకే ఘటనని పలువురి మాటల్లో చెప్పడం 1950లో దర్శకుడు కురొసావా 'రషోమాన్'లో చేశాడు. అక్కడ ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పిందానికి పొసగదు. ఇక్కడ అందరూ ఒకే నిజాన్ని ముక్కలుగా దాచిపెడతారు, అంతే తేడా. మంచిదన్న విమర్శకులు మూడింట ఒక వంతు. జనం మాత్రం చూశారు, ప్రపంచమంతా కలిపి 15 కోట్ల డాలర్లు వచ్చాయి. డెనిస్ క్వెయిడ్ చేసిన ఏజెంటు కూడా ఒకప్పుడు ప్రెసిడెంట్ కోసం తూటా తిన్నవాడే, చేతులు వణికేవాడే. కానీ ఆ వణుకు గురించి రెండు నిమిషాలు ఆగి చూద్దామంటే గడియారం వెనక్కి తిరిగిపోతుంది. అంతమందిని చంపిన ముఠా చివర్లో ఒక చిన్నపిల్ల అడ్డొచ్చిందని అంబులెన్సు పక్కకు తిప్పి బోల్తా కొట్టడం మరీ విడ్డూరం.

పీటర్సన్ 1997లో మళ్లీ ప్రెసిడెంట్ జోలికి వచ్చాడు, 'ఎయిర్ ఫోర్స్ వన్'తో. అందులో ఉగ్రవాదులకు తలుపు తీసేది లోపలి ఏజెంటే. మిగతా కాపలావాళ్లు తొందరగానే పోతారు. ఆ తర్వాత ప్రెసిడెంటే, అంటే హారిసన్ ఫోర్డే, విమానం అంతా తిరుగుతూ ఉగ్రవాదులను తన్నుకుంటూ పోతాడు. డబ్బులు 'ఇన్ ద లైన్ ఆఫ్ ఫైర్' కంటే చాలా ఎక్కువే వచ్చాయి. మా వాళ్లకి మాత్రం అందులో డ్యూటీ పెద్దగా ఏమీ లేదు.