గోడకు చెమ్మ: రంగు వేయకముందే నీటి దారి తేల్చుకోవాలి

వానాకాలంలో నాలుగు జల్లులు పడేసరికి చాలా ఇళ్లలో అవే గుర్తులు కనిపిస్తాయి. పడగ్గది సీలింగు మూలన పసుపు మరక, హాలు గోడ అడుగున ఉబ్బిన పుట్టీ, బీరువా వెనక ముక్క వాసన. పండగ దగ్గర పడగానే పెయింటర్‌ను పిలుస్తాం. అతను ఉబ్బిన చోట గీకి, పుట్టీ పెట్టి, రెండు కోట్లు కొట్టి వెళతాడు. సంక్రాంతికి గోడ కొత్తగా మెరుస్తుంది. మళ్లీ వానలు మొదలయ్యేసరికి మరక అదే చోట తేలుతుంది. ఏటేటా ఇలా పోసే డబ్బుతో అసలు లోపాన్ని ఒక్కసారే బాగు చేసుకోవచ్చు.

మరక కనిపించే చోటు వేరు, నీరు లోపలికి దిగే చోటు వేరు. డాబా మీద ఒక సన్నని పగులులో దిగిన నీరు కాంక్రీటులోని ఖాళీల వెంట, స్లాబులో పోసిన కరెంటు పైపుల వెంట పాకి, నాలుగైదు అడుగుల అవతల బయటపడవచ్చు. ఫ్యాను కొక్కెం దగ్గర బొట్టు పడుతోందంటే సరిగ్గా దాని పైనే పగులు ఉందని అర్థం కాదు. అందుకే మరమ్మతులో సగం పని వెతకడమే. ఆ సగానికి పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ఒక పెన్సిలు, ఒక బకెట్టు, కాస్త ఓపిక ఉంటే ఇంటివాళ్లే చేసుకోవచ్చు.

నీరు వచ్చే నాలుగు దారులు

ఇంట్లోకి చెమ్మ ప్రధానంగా నాలుగు వైపుల నుంచి వస్తుంది. పైనుంచి డాబా ద్వారా, పక్కనుంచి వాన కొట్టే బయటి గోడ ద్వారా, లోపలి నుంచి పైపులూ బాత్రూమ్‌ల ద్వారా, కిందనుంచి నేల ద్వారా. వీటిలో ఏదన్నది తేల్చడానికి మొదట గమనించాల్సింది మరక ఎప్పుడు పెరుగుతోందన్నది. వాన పడిన కొన్ని గంటలకో మర్నాటికో ముదిరి, ఎండ కాస్తే వెలిసిపోతుంటే అది పైనుంచో పక్కనుంచో వస్తున్న వాన నీరు. వేసవిలో కూడా తడి తగ్గకపోతే పైపులనో బాత్రూమ్‌నో అనుమానించాలి. గోడ అడుగు నుంచి మూడడుగుల దాకా పట్టీలా పాకి, పై అంచున తెల్లని ఉప్పు పొడి తేలితే అది చాలావరకు నేల చెమ్మ.

మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కనే తేదీ రాయండి. వారానికోసారి చూసి, మరక గీత దాటితే కొత్త గీత గీసి మళ్లీ తేదీ వేయండి. నెల తిరిగేసరికి అది ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు ఆగిందో గోడ మీదే ఉంటుంది. వానలు పడిన రోజులతో, ఇంట్లో నీళ్ల వాడకంతో పోల్చి చూస్తే దారి చాలావరకు బయటపడుతుంది. మేస్త్రీ వచ్చినప్పుడు "ఎప్పటి నుంచో ఉందండీ" అని చెప్పడం కన్నా ఆ తేదీలు చూపించడం వెయ్యి రెట్లు మేలు.

ఇంట్లో చేసుకునే పరీక్షలు

డాబా మీద అనుమానం ఉంటే నీరు నిలిపి చూడాలి. తూముకు గుడ్డ మూట గట్టిగా బిగించి, తలుపు వైపు నీరు పోకుండా చిన్న సిమెంటు గట్టు కట్టి, ఒకటి రెండు అంగుళాల నీరు 24 నుంచి 48 గంటలు నిలపాలి. ఆ తర్వాత కింద సీలింగు చూడాలి. నీటి మట్టం తగ్గినంత మాత్రాన లీకు ఉన్నట్టు కాదు, ఎండకు కూడా నీరు తగ్గుతుంది. పక్కనే ఒక బకెట్టులో నీళ్లు పోసి, మట్టం దగ్గర గుర్తు పెట్టండి. బకెట్టులో కన్నా డాబా మీద ఎక్కువ తగ్గితే ఆ తేడా కిందికి దిగుతున్న నీరే. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. వంద చదరపు అడుగుల మీద రెండు అంగుళాల నీరు నిలిస్తే బరువు 470 కిలోలు. స్లాబు అడుగున పెచ్చులూడి ఇనుప కడ్డీలు బయటపడిన ఇంట్లో ఈ పరీక్ష చేయకూడదు.

పైపుల సంగతి రాత్రిపూట తేలుతుంది. పడుకునేముందు అన్ని కుళాయిలూ కట్టేసి, మోటారు ఆపి, పైట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టుకోండి. ఎవరూ నీళ్లు వాడకుండా తెల్లారి చూస్తే మట్టం తగ్గి ఉందా? అయితే ట్యాంకు నుంచి కుళాయి దాకా ఎక్కడో కారుతోంది. ముందుగా ఫ్లష్ ట్యాంకు చూడండి. అందులో కాస్త మిఠాయి రంగు కలిపి, పావుగంట ఫ్లష్ చేయకుండా ఉంచండి. కమోడులో రంగు దిగితే లోపలి రబ్బరు వాల్వు పోయినట్టే. దాన్ని మార్చుకోవడం కష్టమేమీ కాదు.

బాత్రూమ్ నేలకు కూడా డాబా పరీక్షే పనికొస్తుంది. నేల మీది జాలీ తూమును మూసి, అంగుళం నీరు ఒక రోజు నిలపండి. కింద తడి వస్తే టైల్స్ మధ్య సందుల నుంచో తూము అంచు నుంచో దిగుతోంది. నీరు నిలిపినప్పుడు ఏమీ కాకుండా, స్నానాలు జరిగిన తర్వాతే తడి వస్తుంటే గోడలోని పైపుల జాయింట్లనో డ్రెయిన్ పైపునో అనుమానించాలి. అపార్టుమెంట్లలో పై ఫ్లోరు వాళ్లతో వచ్చే తగాదాలకు చాలావరకు మూలం ఇదే. ఇద్దరూ కూర్చుని ఒక రోజు ఈ పరీక్ష చేస్తే "మీ బాత్రూమే", "మా బాత్రూమ్ కాదు" అనే మాటలకు చోటుండదు. ఎవరి వైపు లోపమో కళ్ల ముందే తేలిపోతుంది.

ఏసీ గదుల్లో మరో అనుమానం వస్తుంది. గోడ లోపలి నుంచి చెమ్మ వస్తోందా, గది గాలిలోని తేమే చల్లని గోడ మీద పేరుకుంటోందా? అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచండి. కాగితానికీ గోడకూ మధ్య తడి ఉంటే అది గోడలోంచి వస్తున్నది. గది వైపు తడిస్తే అది గాలిలోని తేమ. రెండోదానికి గాలి ఆడేలా కిటికీలు తెరవడం, బీరువాను గోడ నుంచి నాలుగంగుళాలు జరపడం సరిపోతాయి.

డాబా మీద పని

మన డాబాలు ఊరికే పగలవు. ఎండకు కాంక్రీటు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. 10 మీటర్ల స్లాబు 30 డిగ్రీల తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. వేసవి పొడవునా రోజూ జరిగేది ఇదే. అందుకే స్లాబుకూ గోడకూ మధ్య, పిట్టగోడ మొదట్లో ముందుగా పగులు వస్తుంది. అక్కడ ఒట్టి సిమెంటు పూస్తే మళ్లీ కదలికకు విడిపోతుంది. కదిలే చోట సాగే గుణమున్న సీలెంటు వాడాలి.

నిలకడగా ఉన్న సన్నని పగుళ్లను ఇంటివాళ్లే పూడ్చుకోవచ్చు. మొదట ఇనుప బ్రష్‌తో నాచు, వదులు సిమెంటు పోయేదాకా రుద్దాలి. పగులు వెంట ఉలితో అర అంగుళం వెడల్పు, అంతే లోతు గాడి తీయాలి. అందులోని దుమ్మును బ్రష్‌తో ఊడ్చేయాలి. దుమ్ము మీద వేసిన ఏ మందూ అంటుకోదు, చాలా పనులు చెడేది ఇక్కడే. పాలిమర్ కలిపిన సిమెంటు గుజ్జు వాడుతుంటే గాడిని తడిపి నింపాలి. సీలెంటు వాడుతుంటే గాడి పూర్తిగా ఆరి ఉండాలి. ఆ తర్వాత పగులు మీదుగా నాలుగంగుళాల ఫైబరు వల పరిచి వాటర్‌ప్రూఫింగ్ కోటు వేయాలి. మొదటి కోటు తూర్పు పడమరలుగా కొడితే, అది ఆరాక రెండోది ఉత్తర దక్షిణాలుగా కొట్టాలి. మొదటిసారి బ్రష్ వదిలేసిన చోట్లు రెండోసారికి కప్పబడతాయి. ఎంత కలపాలో, ఎంతసేపు ఆరాలో డబ్బా మీద రాసిన లెక్కే పాటించాలి, చేతి అంచనాతో నీళ్లు పోయకూడదు.

సిమెంటు కొనేటప్పుడు సంచి మీది తేదీ చూడండి. మూడు నెలలు దాటిన సిమెంటుకు పట్టు తగ్గుతుంది. విప్పి వదిలేసిన సంచి ఇంకా త్వరగా చెడుతుంది. చేతిలో పిసికితే గడ్డలు తగిలే సిమెంటును ఇలాంటి పనికి వాడొద్దు. సిమెంటు పనికి వారం రోజులు నీళ్లు పట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో పని చేస్తే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చేసి, తడి గోనె సంచులు కప్పాలి. మండుటెండలో పూసిన సిమెంటు గట్టిపడకముందే పగులుతుంది.

పగుళ్లు పూడ్చినా నీరు నిలిచే డాబా మళ్లీ కారుతుంది. పది అడుగులకు కనీసం ఒక అంగుళం పైచిలుకు వాలు తూము వైపు ఉండాలి. వాన వెలిసిన గంటకు డాబా ఎక్కి ఎక్కడ నీరు నిలిచిందో సుద్దతో గీయండి, వాలు సరిచేయాల్సింది అక్కడే. తూములో ఆకులు తీయడం, పైట్యాంకు పొంగకుండా చూడడం ఖర్చు లేని పనులు. పిట్టగోడ సందులో మొలిచిన రావి, మర్రి మొక్కల్ని చిన్నవిగా ఉన్నప్పుడే వేరుతో సహా పెకలించాలి. పైన కోసేస్తే వేరు లోపల లావెక్కి గోడను చీలుస్తుంది.

డాబాకు తెల్లని ప్రతిఫలన రంగు వేయడం వల్ల ఇల్లు చల్లబడడమే గాక స్లాబు కదలిక కూడా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది వేడి తగ్గించడానికే అయినా, పగుళ్ల విషయంలోనూ అది మేలే. అయితే వేడి తగ్గించే రంగు, నీరు ఆపే కోటు ఒకటే కావు. రెండు పనులూ చేసేదని డబ్బా మీద ఉంటేనే అలా నమ్మండి.

కిందనుంచి వచ్చే చెమ్మ

ఇటుక నీరు తాగుతుంది. మంచి ఇటుక కూడా ఒక రోజు నానితే తన బరువులో 20 శాతం దాకా నీరు పట్టవచ్చు, అంటే మూడు కిలోల ఇటుకలో అర లీటరు పైన. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు, పునాది మీద చెమ్మ ఆపే పొర లేని గోడ నేలలోని నీటిని పైకి లాగుతుంది. ఆ నీటితో పాటు మట్టిలోని ఉప్పులూ ఎక్కుతాయి. నీరు ఆవిరైపోయాక ఉప్పు గోడలో పేరుకుని, గట్టిపడుతూ ప్లాస్టరును పెచ్చులుగా తోసేస్తుంది. సముద్ర తీరపు ఊళ్లలో, ఉప్పు నీటితో కట్టిన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ.

ఇక్కడ చాలామంది చేసే పని గోడ అడుగున టైల్స్ లేదా గ్రానైటు అంటించడం. మరక కనబడదు గానీ, ఆరే దారి మూసుకుపోయిన నీరు ఇంకో రెండడుగులు పైకెక్కి టైల్స్ పైన తేలుతుంది. మొదట చేయాల్సింది ఇంటి బయట. గోడకు ఆనుకుని మట్టి ఎత్తుగా ఉంటే తీసేయాలి. గోడ పక్కన మొక్కలకు నీళ్లు పోయడం మానాలి. వాన నీరు ఇంటికి దూరంగా పోయేలా నేలకు వాలు పెట్టాలి. తర్వాత చెడిన ప్లాస్టరును మరక పై అంచుకు ఒక అడుగు ఎత్తు దాకా తీసేసి, ఇటుకలను ఆరనివ్వాలి. తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్లకు సిమెంటు ప్లాస్టరు చేటు. సున్నం గోడ తేమను పీల్చి వదులుతుంది, దాని మీద సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కుకుంటుంది. అలాంటి ఇంటికి సున్నం పనే చేయించాలి.

మనం చెయ్యి పెట్టకూడనివి

స్విచ్ బోర్డు, ఫ్యాను, లైటు దగ్గర తడి కనిపిస్తే ముందు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇంట్లో లేకపోతే పెట్టించండి. ఉంటే దాని మీది టెస్ట్ బటను అప్పుడప్పుడూ నొక్కి పడిపోతోందో లేదో చూడండి.

సీలింగు పగులు వెంట తుప్పు మరక కనిపించినా, పెచ్చులూడి కడ్డీలు బయటపడినా అది వాటర్‌ప్రూఫింగ్‌తో తీరేది కాదు. తుప్పు పట్టిన ఇనుము రెండింతలకు పైగా ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. పైన సిమెంటు పూసి మూస్తే లోపల కడ్డీ సన్నబడుతూనే ఉంటుంది. స్తంభాల్లో, దూలాల్లో పగుళ్లు, గోడకు ఏటవాలుగా వచ్చి పెరుగుతున్న పగుళ్లు స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి. పెరుగుతోందో లేదో తెలియాలంటే పగులు మీద అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు చివర్లా సిమెంటుతో అతికించండి. గాజు విరిగితే గోడ కదులుతున్నట్టే. రెండో అంతస్తు బయటి గోడ మీద తాడు కట్టుకుని చేసే పనులు అలవాటైన మనుషులకే వదిలేయాలి.

మేస్త్రీతో ఒప్పందం

పని అప్పగించేముందు మూడు సంగతులు అడగండి. నీరు ఎక్కడినుంచి వస్తోందని అనుకుంటున్నారు, అలా ఎందుకు అనుకుంటున్నారు, పని అయ్యాక ఎలా నిరూపిస్తారు? మొదటి రెండిటికీ సూటిగా జవాబు చెప్పలేని మనిషి చేతిలో ఎంత ఖరీదైన మందు ఉన్నా లాభం లేదు. ఏ కంపెనీ సరుకు, ఎన్ని కోట్లు, ఎన్ని రోజులు నీళ్లు పట్టాలి అన్నవి కాగితం మీద రాసుకోండి. వాన కురుస్తుండగా వెతకండి, వేసవిలో పని చేయించండి. కొత్త ప్లాస్టరు మీద నాలుగు వారాలు ఆగి గోడ పూర్తిగా ఆరాకే రంగు వేయించండి.

డబ్బులో చివరి విడతను ఆపి ఉంచడం మంచి పద్ధతి, కానీ అది పని మొదలయ్యేముందే చెప్పి ఒప్పించాలి. డాబా అయినా బాత్రూమ్ అయినా కోటు పూర్తిగా గట్టిపడ్డాక మళ్లీ నీరు నిలిపి, రెండు రోజులు ఉంచి, ఇంటివాళ్లూ మేస్త్రీ కలిసి కింద సీలింగు చూడాలి. పొడిగా ఉంటే అప్పుడే మిగతా డబ్బు చేతిలో పెట్టండి. సరిగ్గా పని చేసిన మేస్త్రీ ఈ పరీక్షకు ఎప్పుడూ అడ్డు చెప్పడు.