గర్భసంచికీ గుండెకూ సంబంధం ఉందా?

"ఏందక్కా, అంత దిగులుగా ఉండావు?"

"గర్భసంచి తీసేయమంటా ఉండారు చెల్లీ. పిల్లలు పుట్టేసినారు గదా, ఇంక దాంతో పనేముంది అంటా ఉండారు."

వడమాలపేటలో పుత్తూరు బస్సు కోసం కూచుంటే ఇట్లాంటి మాటలు వినబడతాయి. 2015-16లో ప్రభుత్వం ఒక సర్వే చేసింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళలో నూటికి సుమారు 9 మందికి గర్భసంచి తీసేసి ఉంది. దేశం మొత్తం మీద చూస్తే నూటికి 3 మందికే.

గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలు ఉంటాయి. ఆపరేషన్‌లో కొందరికి వీటిని కూడా తీసేస్తారు. ఈస్ట్రోజన్ అనే హార్మోను తయారయ్యేది ముఖ్యంగా ఇక్కడే. హార్మోను అంటే ఏమిటి? శరీరంలో ఒక చోట పుట్టి, నెత్తురులో పోయి, వేరే చోట పని చేయించేది.

ఈస్ట్రోజన్ గుండెకు ఎట్లా మేలు చేస్తుంది?

నీళ్ళలో నూనె కలవదు కదా! అట్లే నెత్తురులో కొలెస్టరాల్ అనే కొవ్వు కలవదు. దాన్ని మోయడానికి ప్రోటీన్లతో చేసిన బండ్లు ఉన్నాయి. ఎల్.డి.ఎల్. అనే బండి కొవ్వును ఒళ్ళంతా మోసుకుపోతుంది. ఈ బండ్లు ఎక్కువైతే కొవ్వు రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. నాళం ఇరుకవుతుంది. గుండెకు నెత్తురు అందకపోతే గుండెపోటు వస్తుంది. హెచ్.డి.ఎల్. అనే బండి మిగిలిన కొవ్వును కాలేయానికి తిరిగి చేరుస్తుంది.

ఎల్.డి.ఎల్. బండ్లను లోపలికి లాక్కోవడానికి కాలేయానికి వాకిళ్ళు ఉన్నాయి. ఈస్ట్రోజన్ ఉంటే ఆ వాకిళ్ళు పెరుగుతాయి. నెత్తురులో చెడ్డ కొవ్వు తగ్గుతుంది. ముట్లు ఆగిన తర్వాత ఈస్ట్రోజన్ తగ్గి, ఈ కొవ్వు పెరుగుతుంది. చిన్న వయసులోనే అండాశయాలు తీసేస్తే ఈ కాపుదల ముందే పోతుంది.

అయితే హార్మోను మాత్రలు మింగితే సరిపోతుందా? అమెరికాలో 16 వేల మందికి పైగా ఆడవాళ్ళతో ఈ పరీక్ష చేశారు. మాత్రలు మింగినవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయి. 2002లో పరీక్ష ఆపేశారు. కాబట్టి గుండె కోసమని సొంతంగా మాత్రలు కొని మింగొద్దు. చిన్న వయసులో అండాశయాలు తీసినవారు డాక్టరును అడగాలి.

క్యాన్సర్ ఉన్నా, మందులకు తగ్గని రక్తస్రావం ఉన్నా ఆపరేషన్ అవసరం కావచ్చు. అప్పుడు భయపడొద్దు. కానీ ముందు ఈ మూడూ అడగండి:

1. మందులతో నయం కాదా?
2. అండాశయాలు ఉంచుతారా?
3. ఇంకో డాక్టరుకు చూపించుకోవచ్చా?

ఇప్పటికే ఆపరేషన్ అయినవారు దిగులు పడొద్దు. బి.పి., షుగరు, కొలెస్టరాల్ చూపించుకోండి. పొగాకు మానండి. ఉప్పు, డాల్డా తగ్గించండి. ఎదలో నొప్పి, ఆయాసం, చెమటలు వస్తే వాయువు అని ఊరుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మీ ఊళ్ళో ఎంత మందికి ఈ ఆపరేషన్ అయింది? ఎందుకు చేయించుకున్నారు? అందరూ కూచుని మాట్లాడుకోండి.