అరిగిన రంపాన్ని తూకానికి వేయకండి

కారంచేడులో ఇల్లు కట్టినా, తలుపు బిగించినా, పైపు వేసినా రంపం లేనిదే పని కదలదు. వడ్రంగి పాత చేతిరంపానికి ఆకురాయితో పదును పెట్టుకుంటూ ఏళ్ళ తరబడి వాడతాడు. ఇనుము కోసే హాక్సా బ్లేడుకు ఆ భాగ్యం లేదు. పళ్ళు నున్నబడగానే ఆ అడుగు పొడవు రేకు పాత ఇనుము బస్తాలో పడుతుంది. నిజానికి అరిగింది పళ్ళ కొసలే. మిగతా ఉక్కంతా చెక్కుచెదరలేదు.

మంచి ఉక్కు విలువ మనవాళ్ళకు కొత్తగా తెలిసింది కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కు పర్షియా దాకా వెళ్ళి కత్తులైంది. 1820లలో హెన్రీ వాయ్సీ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడికి వెళ్ళి ఆ పని చూసి రాశాడు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో తనదైన మూస పద్ధతి కనిపెట్టాడు. 1900లో పారిస్ ప్రదర్శనకు వచ్చిన టేలర్, వైట్‌ల హైస్పీడ్ స్టీల్ అయితే ఎర్రగా కాలినా గట్టిదనం పోగొట్టుకోలేదు. ఇప్పటి మంచి హాక్సా బ్లేడుకు పళ్ళ అంచున ఉండేది ఆ జాతి ఉక్కే. వెనక రేకు మాత్రం వంగే రకం.

అందుకే అరిగిన బ్లేడు ముక్కను సానరాయి మీద ఏటవాలుగా అరగదీస్తే చెక్క మీద గీత గీసే చాకు అవుతుంది. పట్టుకునే చోట గుడ్డ చుట్టాలి, లేదా చెక్క పిడి బిగించాలి.

నాకు అన్నిటికంటే నచ్చేది చేతిరంపపు రేకు. ఈ రోజుల్లో కొన్ని రంపాల పళ్ళ కొసలు నీలంగా కనిపిస్తాయి. వాటిని అంత గట్టిపరిచారు కాబట్టి ఆకురాయి వాటి మీద జారిపోతుంది, మళ్ళీ పదును ఎక్కదు. రేకు మాత్రం బంగారం. దాన్ని అరచేతంత దీర్ఘచతురస్రంగా కోసి, అంచును ఆకురాయితో తిన్నగా చేసి, గట్టి ఉక్కు కడ్డీతో ఒత్తి రుద్దాలి. కంటికి ఆనని సన్నని కొక్కెం లేస్తుంది. రెండు బొటనవేళ్ళతో రేకును కాస్త వంచి టేకు పలక మీద తోస్తే, చిత్రిక పట్టినా చీలికలు లేచే మెలిక చారల చోట కూడా ఉల్లిపొరలాంటి పొట్టు వస్తుంది. పొట్టుకు బదులు పొడి రాలితే అంచు మొద్దుబారిందని గుర్తు.

మామూలు రంపపు ఉక్కును సానపట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్ళలో ముంచాలి. సుమారు 300 డిగ్రీల దగ్గర అంచు నీలం తిరుగుతుంది, అంతకు మించి కాలితే గట్టిదనం తగ్గిపోతుంది. ఏ ఉక్కో తెలియకపోతే నిప్పురవ్వలు చూడండి. మామూలు ఉక్కువి తెల్లగా, పువ్వుల్లా విచ్చుకుంటాయి. హైస్పీడ్ స్టీల్‌వి ఎర్రగా, పలచగా ఉంటాయి.

కరెంటు మిషన్ల గుండ్రటి బ్లేడు సంగతి వేరు. దాని కొసలకు అతికించిన కార్బైడ్ ముక్కలను ఇంట్లో అరగదీయొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పగులు కనిపించిన బ్లేడును మళ్ళీ మిషనుకు ఎక్కించనే కూడదు. హాక్సా బ్లేడును విరిచేటప్పుడు గుడ్డలో చుట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని విరవండి. పూర్తిగా గట్టిపరిచిన రకమైతే పెంకులై ఎగురుతుంది.

ఇంట్లో పాత రంపం ఉంటే తూకానికి వేసేముందు మీ వీధి వడ్రంగికి ఒకసారి చూపించండి.