రెండు చక్రాలు, రెండు బాటలు

చట్టసభ సభ్యుడు ఒక పక్షాన్ని వదలి మరో పక్షంలో చేరితే దానిని మనం ఫిరాయింపు అంటాము. 1967లో హర్యానాలో పుట్టిన ‘ఆయారాం గయారాం’ అన్న పలుకుబడి దేశమంతటా పాకింది. దానికి విరుగుడుగా 1985లో రాజ్యాంగానికి 52వ సవరణ వచ్చింది. ఆ విరుగుడు ఎంతవరకు పనిచేసిందో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అయితే ఈ వారం నేను ప్రస్తావించదలచినది ఆ ఫిరాయింపులను కాదు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో ఒక పోటీని విడిచి మరో పోటీకి పోవలెనా, ఉన్నచోటనే ఉండవలెనా అని తేల్చుకోవలసిన మోటారు సైకిలు రేసర్లను గురించి నాలుగు మాటలు చెప్పాలి. సభ్యుడు గోడ దూకితే పోయేది పరువు మాత్రమే. వీరు ఒడ్డేది ప్రాణం.

రాజకీయాలు రాసుకునేవాడికి ఈ పందేల గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. 2024–25 ఆర్థిక సంవత్సరంలో మన దేశంలో అమ్ముడుపోయిన ద్విచక్ర వాహనాలు సుమారు 1 కోటి 96 లక్షలు. ప్రపంచంలో ఇంతకు మించిన విపణి లేదు. మన శ్రీసిటీలోనే హీరో సంస్థ కార్ఖానా ఉన్నది. ఇన్ని బండ్లు చేసి, ఇన్ని కొని, ఇంతమంది కుర్రవాళ్లను వాటిపై ఎక్కించిన దేశం, ఆ బండి నడపడమే వృత్తిగా పెట్టుకున్న యువకుడికి ఏ దారి చూపిందన్నది రాజకీయ ప్రశ్న కాక మరేమిటి?

ముందుగా ఆ రెండు బాటల స్వరూపం తెలుసుకోవాలి. మొదటిది గ్రాండ్ ప్రీ బాట. ఇందులో మూడు మెట్లు ఉన్నాయి. 250 సీసీ బండ్ల మోటో3 కింది మెట్టు. అందరికీ ఒకే రకం 765 సీసీ ట్రయంఫ్ ఇంజను ఇచ్చే మోటో2 నడిమి మెట్టు. మోటోజీపీ పై మెట్టు. ఈ పై మెట్టున నడిచే బండ్లు అంగడిలో దొరికేవి కావు, పందెం కోసమే తయారయ్యేవి. 2025లో అక్కడ ఉన్న శాశ్వత స్థానాలు 22 మాత్రమే. రెండవది ప్రపంచ సూపర్‌బైక్ బాట. డబ్బున్నవాడు దుకాణంలో కొనుక్కోగల బండినే పదును పెట్టి ఇక్కడ పరుగెత్తిస్తారు. టైర్లు వేరు, బ్రేకులు వేరు. మోటోజీపీలో కార్బన్ బ్రేకులు, మిషెలిన్ టైర్లు అయితే, సూపర్‌బైక్‌లో ఉక్కు బ్రేకులు, పిరెల్లి టైర్లు. కావున ఒకచోట వేళ్లకు అలవడిన విద్య రెండవచోట అచ్చంగా పనికిరాదు. బండిని ఎక్కడ నిలవరించాలి, మలుపులో ఎంతవరకు వాల్చాలి అన్నది మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసిందే.

రెండు పోటీల నిర్వహణా చాలాకాలం ఒకే సంస్థ చేతిలో ఉన్నది. స్పెయిన్‌కు చెందిన డోర్నా 1992 నుంచి గ్రాండ్ ప్రీని, 2013 నుంచి సూపర్‌బైక్‌ను నడిపింది. 2025 జూలైలో ఆ సంస్థను అమెరికాకు చెందిన లిబర్టీ మీడియా కొనుగోలు చేసింది. యాజమాన్యం ఒకటే అయినప్పటికీ గౌరవంలో తేడా మాత్రం చెరగలేదు. సూపర్‌బైక్ విజేతను చూసి ‘చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం’ అని పెదవి విరిచేవారు నేటికీ ఉన్నారు.

ఈ తేడా మనుషుల బతుకులను ఎట్లా మలుస్తుందో చూడండి. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన జొనాథన్ రే 2015 నుంచి 2020 వరకు వరుసగా ఆరుసార్లు సూపర్‌బైక్ ఛాంపియన్ అయినాడు. మోటోజీపీలో అతనికి దక్కినవి రెండే పందేలు. 2012లో కేసీ స్టోనర్ గాయపడినప్పుడు బదులుగా ఎక్కి, ఒకదానిలో ఎనిమిదవ, రెండవదానిలో ఏడవ స్థానం తెచ్చుకున్నాడు. ఆపైన ఆ తలుపు మూసుకుపోయింది. ఆస్ట్రేలియా యువకుడు రెమీ గార్డ్‌నర్ కథ మరోరకం. 2021లో మోటో2 ఛాంపియన్ అయి మరుసటి ఏడు పై మెట్టెక్కాడు. ఒక్క ఏడాది తిరగకుండానే స్థానం పోయి, 2023లో సూపర్‌బైక్‌కు మళ్లాడు. అమెరికా యువకుడు జో రాబర్ట్స్ 2021 సంవత్సరానికి అప్రిలియా పిలిచినా, తాను ఇంకా ఎదగాలని మోటో2లోనే నిలిచాడు. 2025 పూర్తయ్యేదాకా మోటోజీపీలో శాశ్వత స్థానం అతనికి దక్కలేదు. ఒకరికి పిలుపు రాలేదు, ఒకరు వెళ్లి నిలవలేదు, ఒకరు పిలిచినా వెళ్లలేదు. ఇందులో ఎవరిది తెలివి, ఎవరిది తెలివితక్కువ అని ఒడ్డున కూర్చుని తీర్పు చెప్పడం సులువు. ఆ సంతకం చేయవలసిన రోజున వారికి మన దగ్గరున్న సమాచారం లేదన్న సంగతి మరువరాదు.

పార్లమెంటు విలేకరిగా నన్ను ఎక్కువగా ఆకర్షించినది తుర్కియే దేశపు ఉదాహరణ. అక్కడి కెనాన్ సోఫువోగ్లూ సూపర్‌స్పోర్ట్ తరగతిలో ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్. అన్నదమ్ములలో ఒకరిని రోడ్డు ప్రమాదంలోను, మరొకరిని పందెపు సాధనలోను పోగొట్టుకున్నవాడు. 2011లో తానే గ్రాండ్ ప్రీ బాటకు వెళ్లి మోటో2లో ఒక ఏడాది గడిపి, 2012లో పాత పోటీకి తిరిగివచ్చి మళ్లీ ఛాంపియన్ అయినాడు. 2018లో పందేలు మానిన ఏడాదే పాలక పక్షం తరఫున పార్లమెంటుకు ఎన్నికై 2023 దాకా సభ్యుడుగా ఉన్నాడు. అంతకంటె ముఖ్యమైనది, తన వెనుక వచ్చే కుర్రవాళ్లను చేరదీసి దారి చూపినాడు. రెండు బాటలూ స్వయంగా తొక్కినవాడు పెద్దదిక్కుగా ఉండటం ఆ కుర్రవాళ్ల అదృష్టం.

ఆ శిష్యులలో తోప్రాక్ రజ్‌గత్లియోగ్లూ ఒకడు. 2014లో కుర్రవాళ్ల రూకీస్ కప్పులో పందెం గెలిచినప్పటికీ గ్రాండ్ ప్రీ మెట్ల కోసం పాకులాడక, యూరప్ సూపర్‌స్టాక్ 600 పోటీకి మళ్లి 2015లో దానిని గెలిచాడు. 2021లో యమహాపై, 2024, 2025లలో బీఎండబ్ల్యూపై సూపర్‌బైక్ ఛాంపియన్ అయినాడు. నడుమ యమహావారు మోటోజీపీ బండిని పరీక్షకు ఇచ్చినా తొందరపడలేదు. చివరకు 2026 సీజనుకు ప్రమాక్ యమహా జట్టుతో ఒప్పందం చేసుకుని, 29 ఏళ్ల వయసులో ఆ గడప తొక్కాడు. 2027 నుంచి మోటోజీపీ ఇంజన్లు 1000 నుంచి 850 సీసీకి తగ్గి, టైర్లు కూడా పిరెల్లి అవుతాయని నిర్ణయమైనది. పిరెల్లి టైర్ల మీద ఏళ్ల తరబడి ఆరితేరినవాడికి కాలం కలిసివచ్చిందని చెప్పాలి. ఓపిక పట్టినవాడికి కొన్నిసార్లు నిబంధనలే ఎదురువస్తాయి.

అదే గురువు నీడలో పెరిగిన కవలలు జాన్, డెనిజ్ ఓంజూలది ఇంకొక పాఠం. 2018లో వలెన్సియాలో జాన్ తన తొలి మోటో3 పందెమే గెలిచి, 15 ఏళ్ల 115 రోజుల వయసులో గ్రాండ్ ప్రీ చరిత్రలోనే అతి పిన్న విజేత అయినాడు. మరుసటి ఏడు పూర్తికాలపు స్థానం దొరికింది. ఫలితాలు మాత్రం రాలేదు. 2020లో సూపర్‌స్పోర్ట్‌కు మళ్లక తప్పలేదు. ఆ గెలుపు ముచ్చట అతని భుజాన ఎంత బరువైందో ఊహించవచ్చు. తోడబుట్టిన డెనిజ్ మాత్రం గ్రాండ్ ప్రీ మెట్లనే పట్టుకుని, 2023లో మోటో3 పందేలు గెలిచి మోటో2కు చేరాడు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే గురువు, వేర్వేరు బాటలు.

ఇక ప్రాణం సంగతి. 2021లో నాలుగు నెలల వ్యవధిలో ముగ్గురు చిన్నవాళ్లు పందేలలో మరణించారు: ముజెల్లోలో 19 ఏళ్ల జేసన్ డూపాస్కియే, అరగాన్‌లో 14 ఏళ్ల హ్యూగో మిల్యాన్, హెరెజ్‌లో 15 ఏళ్ల డీన్ బెర్తా విన్యాలెస్. ఆ తరువాతనే గ్రాండ్ ప్రీలో కనీస వయసును 2023 నుంచి 18 ఏళ్లకు పెంచాలన్న నిర్ణయం వెలువడినది. అదే 2023 ఆగస్టులో మన మద్రాసు ట్రాక్‌పై, జాతీయ పోటీలో, బెంగళూరుకు చెందిన 13 ఏళ్ల బాలుడు ప్రాణాలు విడిచాడు. పదమూడేళ్లవాడు ఏ బాటనూ స్వయంగా ఎంచుకోలేడు. పెద్దలు ఎంచిపెట్టిన బాటనే నడుస్తాడు. కుర్రవాళ్ల వృత్తి నిర్ణయాలను గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క విషయం మొదట తేలాలి.

ఇప్పుడు మన ఇంటి ముచ్చటకు వద్దాము. 2011లో చెన్నై యువకుడు శరత్ కుమార్ 125 సీసీ ప్రపంచ పోటీలో ప్రవేశించి, ఆ స్థాయికి చేరిన తొలి భారతీయుడు అనిపించుకున్నాడు. గాయాలపాలై ఆ ప్రయాణం త్వరలోనే ముగిసింది. అదే ఏడాది మహీంద్రా సంస్థ ప్రపంచ పోటీలో అడుగుపెట్టింది. 2016లో అస్సెన్‌లో మహీంద్రా బండి మోటో3 పందెం గెలిచింది. దానిని గెలిపించినవాడు ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో బన్యాయా. అదే జట్టులో అతని సహచరుడు స్పెయిన్ యువకుడు హోర్హే మార్టిన్. అనంతరం బన్యాయా 2022, 2023లలోను, మార్టిన్ 2024లోను మోటోజీపీ ప్రపంచ ఛాంపియన్లు అయినారు. అంటే వరుసగా మూడేళ్లు ప్రపంచ కిరీటం పెట్టుకున్నవాళ్లు మన కంపెనీ బండి మీద ఓనమాలు దిద్దుకున్నవాళ్లే! ఆ బడిలో మన పిల్లలకు మాత్రం పలక దొరకలేదు.

2017తో మహీంద్రా ఆ పోటీ నుంచి తప్పుకుని, తన దృష్టిని విద్యుత్ కార్ల ఫార్ములా ఈ మీద నిలిపింది. ఆ ఫార్ములా ఈ 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డుకు వచ్చింది. ప్రభుత్వం మారిన తరువాత 2024 పందెం రద్దయింది. చెల్లింపుల విషయమై ఆ ఏడాది డిసెంబరులో ఏసీబీ కేసు నమోదు చేసింది. ఆ వివాదంలో నిజానిజాలు న్యాయస్థానాలు తేల్చవలసినవి. నేను గుర్తుచేసేది ఇంతవరకే: కంపెనీ మనసు మారినా, ప్రభుత్వం మారినా నష్టపోయే తొలి మనిషి హెల్మెట్ లోపల ఉన్నవాడే.

గ్రేటర్ నోయిడాలో జరిగిందీ అంతే. 2023 సెప్టెంబరులో బుద్ధ సర్క్యూట్‌లో మోటోజీపీ జరిగినప్పుడు నేను వెళ్లి చూశాను. వీసాలు ఆలస్యమై మార్క్ మార్కెజ్ అంతటివాడు విమానం ఎక్కలేక ఆగిన వైనం అప్పట్లో పత్రికలకు ఎక్కింది. ప్రధాన పందెం మార్కో బెజెక్కి గెలిచాడు. మోటో2లో గెలిచిన స్పెయిన్ కుర్రవాడు పెద్రో అకోస్తాకు అప్పటికి 19 ఏళ్లు. ఆ ఏడాదే ఆ తరగతి ఛాంపియన్ అయి, 2024లో పై మెట్టెక్కి, 2025లో కేటీఎం కార్ఖానా జట్టుకు చేరాడు. అయితే 2024 నవంబరులోనే ఆ ఆస్ట్రియా సంస్థ దివాలా అంచుకు చేరి న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. దానిని నిలబెట్టినది పుణే నగరపు బజాజ్ ఆటో. 2025 చివరికి యాజమాన్యపు పగ్గాలే దాని చేతికి వచ్చాయి. పందెం మాత్రం 2024లో గాని 2025లో గాని మళ్లీ రాలేదు. 2026 పట్టికలోనూ భారతదేశం పేరు లేదు. ప్రపంచపు మేటి జట్టు మనదైంది. అందులో మన కుర్రవాడు లేడు, మన గడ్డపై పందెమూ లేదు.

మన కుర్రవాడికి ఉన్న మెట్లు ఏవి? మద్రాసు దాపున ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దాపున చెట్టిపాళయం ట్రాక్‌లలో జాతీయ పోటీలు. ఆపైన టీవీఎస్, హోండా వంటి సంస్థలు కనికరిస్తే ఆసియా పోటీ. అక్కడినుంచి స్పెయిన్‌కు పోవాలంటే జట్టుకు తానే సొమ్ము చెల్లించి స్థానం కొనుక్కోవలసిన పరిస్థితి తరచు ఎదురవుతుంది. కొందరు వేరే దారి వెతుక్కున్నారు. కేరళ యువకుడు హరిత్ నోవా మట్టి పందేల నుంచి ఎడారి ర్యాలీకి మళ్లి, 2024 డకార్‌లో రెండవ శ్రేణి విజేతగా, మొత్తంమీద 11వ స్థానంలో నిలిచాడు. నునుపైన ట్రాక్‌పై చోటు లేనివాడు ఇసుకలో బాట వేసుకున్నాడన్నమాట.

2025 ఆగస్టు 11న లోక్‌సభలో, 12న రాజ్యసభలో జాతీయ క్రీడా పరిపాలన బిల్లు ఆమోదం పొందింది. ప్రతిపక్షాల నినాదాల హోరులో లోక్‌సభ దానిని దాటించిన తీరును పత్రికా గ్యాలరీ నుంచి చూశాను. క్రీడా సంఘాల ఎన్నికలు, బోర్డు, ట్రిబ్యునల్ మొదలైనవి అందులో ఉన్నాయి, అవి కావలసినవే. కాని కంపెనీతో ఒప్పందం చేసుకునే పందొమ్మిదేళ్ల రేసర్ బాగోగులు ఆ చట్టం ఉద్దేశించిన సంగతి కాదు. ఆ మరుసటి నెలలోనే 350 సీసీ లోపు బండ్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గి, ఆ పైవాటిపై 40 శాతానికి పెరిగింది. ఆసియా పోటీలో నడిచే 600 సీసీ తరహా బండి ఈ లెక్కలో విలాస వస్తువు. మోజుతో కొనేవాడికీ, బతుకుదెరువుగా నేర్చుకునేవాడికీ పన్ను దృష్టిలో భేదం లేదు.

ప్రభుత్వం వందల కోట్లతో ఇంకొక సర్క్యూట్ కట్టాలని నేను అనను. ఉన్న సర్క్యూట్ పాడుపడుతున్న దేశంలో అది పరిహాసం. ప్రపంచ జట్టు చేతిలో ఉన్న కంపెనీలు ఏటా ఇద్దరు భారతీయ కుర్రవాళ్లకు చివరిదాకా తోడుంటామని మాట ఇవ్వవచ్చు. జాతీయ సమాఖ్య ప్రతి ఒప్పందంలోను బీమా, వైద్యం, చదువు అనే మూడు షరతులు చేర్చవచ్చు. పద్దెనిమిది నిండని బిడ్డ విషయంలో మరింత కఠినంగా ఉండవచ్చు. వీటిలో దేనికీ రాజ్యాంగ సవరణ అక్కరలేదు.

తోప్రాక్ తొందరపడక నిలవగలిగాడంటే, ఆగినా అన్నం దొరుకుతుందన్న ధైర్యం, దారి తెలిసిన పెద్దమనిషి అండ అతనికి ఉన్నాయి. ఆ రెండూ లేనివాడి ముందు రెండు బాటలు పరచి ‘ఎంచుకో నాయనా’ అనడం స్వేచ్ఛ అనిపించుకోదు. మన కుర్రవాడు నేడు ఎంచుకుంటున్నది పోటీని కాదు. ఎవరు ముందుగా ఫోను చేస్తే వారిని.